మూడో అంతస్తు, 10×11 గది, 70 వేలు: ఇంట్లో జిమ్‌కి ముందు ఏం కొనాలి?

మూడో_అంతస్తు:
మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మాది మూడోది. ఖాళీగా ఉన్న గది 10 అడుగులు × 11 అడుగులు. ఒక 11 అడుగుల గోడ పొడవునా వార్డ్‌రోబ్ ఉంది, లోతు 2 అడుగులు. అంటే వాడుకోవడానికి మిగిలేది 8×11. నేల నుంచి శ్లాబ్‌కి 9 అడుగుల 6 అంగుళాలు, మధ్యలో సీలింగ్ ఫ్యాన్. నేల విట్రిఫైడ్ టైల్స్.

వాడేది ఇద్దరం. నేను 5 అడుగుల 9 అంగుళాలు, 78 కిలోలు, స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (పడుకుని బార్ పైకి తోయడం), డెడ్‌లిఫ్ట్ (బార్‌ని నేల నుంచి లేపడం) మామూలుగా వచ్చు. మా ఆవిడ ఇప్పుడే మొదలుపెడుతోంది, తనకి ముఖ్యంగా నడక కావాలి. బడ్జెట్ 70 వేలు, ఒకటి రెండు వేలు అటూ ఇటూ.

షాపులో "4 హెచ్‌పీ ట్రెడ్‌మిల్ తీసుకోండి, దాంతోపాటు 70 కిలోల స్టాక్ ఉన్న మల్టీజిమ్ తీసుకోండి, రెండూ సరిపోతాయి" అన్నారు. (మల్టీజిమ్ అంటే కేబుళ్ళతో బరువులు లాగే మెషిన్, స్టాక్ అంటే అందులో దొంతరగా ఉండే బరువు బిళ్ళలు.) నా అనుమానాలు: ఈ గదిలో రెండూ పడతాయా? శ్లాబ్ మీద బరువు ఎక్కువవుతుందా? కింది ఫ్లాట్‌లో పెద్దవాళ్ళున్నారు, చప్పుడు సంగతేంటి?

ఇనుపబిళ్ళ:
ముందు మల్టీజిమ్ సంగతి తేల్చేద్దాం. వద్దు. దాదాపు 6×4 అడుగుల జాగా అదే తినేస్తుంది. స్టాక్ మీద 70 అని రాసి ఉంటుంది గానీ, కేబుల్ కదిలే పుల్లీ మీదుగా వెళ్ళే వ్యాయామాల్లో చేతికి తగిలేది అందులో సగమే. మీ కాళ్ళకి అది కొన్ని నెలల్లోనే చాలదు. పుల్లీ దగ్గర కేబుల్ ప్లాస్టిక్ తొడుగు చిట్లి, లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. అదే కొలత కేబుల్ మళ్ళీ దొరకాలి. ఇల్లు మారితే విప్పి బిగించే మనిషిని వెతుక్కోవాలి.

మీ గదికి బార్, ప్లేట్లు, హాఫ్ ర్యాక్ (బార్‌ని ఎత్తులో ఆనించే రెండు స్తంభాల స్టాండ్), బెంచ్ చాలు. కాకపోతే ఏ బార్ అన్నదే అసలు ప్రశ్న.

మార్కెట్లో రెండు వంశాలున్నాయి. ఒకటి 28 లేదా 30 మి.మీ. రంధ్రం ఉన్న ప్లేట్లు, వాటికి సరిపడే సన్న రాడ్. ఇంటి సెట్లు అని చవగ్గా అమ్మేవన్నీ ఇవే. రెండోది 50 మి.మీ. రంధ్రం ఒలింపిక్ ప్లేట్లు. రెండూ కలపొద్దు. 50 ప్లేటు సన్న రాడ్ మీద గలగలా ఊగుతుంది, కాలర్ (ప్లేటు జారకుండా పెట్టే క్లిప్పు) పట్టదు. మీకు స్క్వాట్ వచ్చు కాబట్టి నేరుగా 50కే వెళ్ళండి, మధ్యలో మారితే పెట్టిన డబ్బంతా పాత ఇనుము కింద పోతుంది. పీవీసీ తొడుగున్న ప్లేట్ల జోలికైతే అసలు వెళ్ళకండి. లోపల సిమెంటు, ఇనుప రజను. నాలుగుసార్లు కిందపడితే అంచు పగిలి పొడి రాలుతుంది. లావుగా ఉంటాయి కాబట్టి నాలుగు ఎక్కించేసరికి రాడ్ నిండిపోతుంది.

మామూలు ఒలింపిక్ బార్ 20 కిలోలు, పొడవు 220 సెం.మీ., పట్టు దగ్గర మందం 28 మి.మీ. 15 కిలోల బార్ ఇంకోటి ఉంది, ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌లో వాడేది: పొడవు 201 సెం.మీ., పట్టు 25 మి.మీ. చివర స్లీవ్ (ప్లేట్లు ఎక్కే లావు భాగం) మాత్రం అదే 50. రెండు స్లీవ్‌ల మధ్య దూరం కూడా రెండింటికీ 131 సెం.మీ.యే, కాబట్టి ఏ ర్యాక్ మీదైనా కూర్చుంటుంది. మీ ఇంటికి నేను ఇదే చెప్తాను. గదిలో దాదాపు 20 సెం.మీ. మిగులుతుంది, మీ ఆవిడ ఖాళీ బార్‌తో ఓవర్‌హెడ్ ప్రెస్ (బార్‌ని తల మీదికి తోయడం) మొదలుపెట్టొచ్చు, 78 కిలోల మనిషి వంద కిలోల లోపు చేసే పనికి దీనికేం లోటు లేదు. కొనే ముందు స్లీవ్‌ని చేత్తో తిప్పి చూడండి. సాఫీగా తిరగాలి, చివర బోల్టుతో బిగించిన రకం కాకుండా లోపల స్నాప్ రింగ్ ఉన్నది అయితే మేలు. బోల్టు రకం వాడుతుంటే వదులై స్లీవ్ బయటికి జరుగుతుంది.

బార్‌ని 11 అడుగుల గోడకి సమాంతరంగా పెట్టాలి. 335 సెం.మీ.లో 201 పోతే పక్కకి 67 చొప్పున మిగులుతుంది, మనిషి నిలబడి ప్లేటు ఎక్కించడానికి అది చాలు. 8 అడుగుల వైపు పెడితే 244లో పక్కకి 21 సెం.మీ. మిగులుతుంది. ప్లేటు స్లీవ్‌లోకి తొయ్యడానికే జాగా ఉండదు, గోడకి గుంటలు పడతాయి.

ప్లేట్లు ఇలా తీసుకోండి: 20, 10, 5, 2.5, 1.25, ఒక్కోటి జత. మొత్తం 77.5, బార్‌తో కలిపి 92.5. ఒక్కో సైజు దాని కిందిదానికి రెట్టింపు కాబట్టి 15 నుంచి 92.5 దాకా ఏ బరువైనా 2.5 కిలోల మెట్టుతో వస్తుంది. ఒక్కటి కూడా వృథా పోదు. షాపువాళ్ళు 1.25 జత వదిలేసి 5 ఇంకో జత అంటగడతారు. ఒప్పుకోవద్దు. ఓవర్‌హెడ్ ప్రెస్‌లో 30 నుంచి ఒకేసారి 35కి దూకడమంటే ఆరో వంతు పెంచినట్టు, అక్కడే చాలామంది నెలల తరబడి ఆగిపోతారు. డెడ్‌లిఫ్ట్‌కి 20లూ 10లూ 45 సెం.మీ. వ్యాసం ఉన్న రబ్బరు బంపర్ ప్లేట్లు అయితే బార్ సరైన ఎత్తులో, నేల నుంచి 22.5 సెం.మీ. దగ్గర ఉంటుంది. ఇనుప 10లు చిన్నవి. వాటితో లేపాలంటే కింద ప్లైవుడ్ ముక్కలు పేర్చాలి.

కొన్న ప్లేటు ప్రతిదీ తూకం వేయించండి. వీధి చివర పాత ఇనుము కొట్టు కాటా చాలు. 20 అని పోత పోసినది 19 తూగినా 21 తూగినా పర్లేదు, జతలో రెండూ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే బార్ ఒక పక్కకి వాలుతుంది, మీరు అది మీ భుజం లోపమనుకుంటారు.

ఒంటరిగా చేసేవాళ్ళకి ర్యాక్‌లో హుక్కుల కంటే సేఫ్టీ ఆర్మ్స్ (బార్ జారితే ఆపే అడ్డకడ్డీలు) ముఖ్యం. బెంచ్ ప్రెస్‌కి ఎత్తు ఇలా కుదర్చండి: ఛాతీ పైకెత్తి పడుకుంటే ఖాళీ బార్ ఛాతీకి తగలాలి, వీపు ఆనించి వదులుగా పడుకుంటే ఆర్మ్స్ మీద ఆగాలి, గొంతుని తాకకూడదు. రంధ్రాల మధ్య దూరం 50 మి.మీ. లోపు లేని ర్యాక్‌లో ఈ ఎత్తు కుదరదు. అలాంటిది కొనొద్దు.

బెంచ్ ఎత్తు 42 నుంచి 45 సెం.మీ., వెడల్పు 29 నుంచి 32. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో కొలతలు ఇవే. చాలా ఇంటి బెంచీలు 50 దాకా ఉంటాయి, మీ ఆవిడకి పాదాలు నేలకి ఆనవు. వాలు మార్చే బెంచ్ అయితే సీటుకీ వీపు మెత్తకీ మధ్య సందు చూసుకోండి, నాలుగు వేళ్ళు దూరేంత ఉంటే నడుం అందులో పడుతుంది.

డంబెల్స్ తర్వాత. మొదట రెండు ఖాళీ హ్యాండిళ్ళు, అవి కూడా 50 మి.మీ. స్లీవ్‌వే తీసుకుంటే ఈ ప్లేట్లే వాటికీ సరిపోతాయి. డయల్ తిప్పే రకం ముచ్చటగా ఉంటుంది గానీ లోపలంతా ప్లాస్టిక్ పళ్ళు, ఒక్కసారి జారితే పని అయిపోతుంది.

మీ ఫ్యాన్ విషయం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. బార్ తల మీదికి తోసినప్పుడు మీ ఎత్తుకి పిడికిలి దాదాపు 7 అడుగుల దగ్గర ఉంటుంది. దానిపైన ప్లేటు సగం 9 అంగుళాలు, నేల మీద పరిచే చెక్కా రబ్బరూ 2 అంగుళాలు. 7 అడుగుల 11 అంగుళాలు అయింది. అడుగు కిందికి వేలాడే ఫ్యాన్ రెక్కలు ఎనిమిదిన్నర దగ్గర తిరుగుతుంటాయి. ఏడు అంగుళాల తేడా. డంబెల్ ఒరిగినా, చిన్న గెంతు వేసినా ఆ తేడా ఉండదు. తీసేసి గోడ ఫ్యాన్ పెట్టుకోండి.

సైట్_ఇంజినీర్:
శ్లాబ్ గురించి. ఇళ్ళ గదుల నేలకి మన ఐఎస్ 875 (కట్టడాల మీద బరువుల లెక్కకి భారత ప్రమాణం) రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు లెక్కలోకి తీసుకుంటారు. మీ గది 10.2 చదరపు మీటర్లు, పరిచినట్టు ఉంటే దాదాపు 2,000 కిలోలు. ప్లేట్లు, బార్, ర్యాక్, బెంచ్, వ్యాయామ సైకిల్ ఏదైనా పెడితే అదీ, కింద పరిచే చెక్క, రబ్బరు, మీరు, అన్నీ కలిపినా 500 దాటవు. ర్యాక్‌ని గోడవైపు పెడితే బరువు బీమ్ దగ్గరికి పోతుంది, ఇంకా మంచిది. పెట్టిన బరువుతో భయం లేదు.

పడేసిన బరువుతోనే గొడవ. శ్లాబ్ కూలదు, ముందు టైల్ పోతుంది. టైల్ కింద కొన్నిచోట్ల సిమెంటు నిండా ఉండదు. రూపాయి బిళ్ళతో గదంతా కొట్టుకుంటూ వెళ్ళండి, డొల్ల శబ్దం వచ్చే చోట సుద్దతో గుర్తు పెట్టండి. ర్యాక్ కాళ్ళు ఆ గుర్తుల మీద పడకూడదు.

ప్లాట్‌ఫాం ఇలా: 8×4 అడుగుల ప్లైవుడ్ షీట్లు రెండు, ఒక్కోటి 18 మి.మీ., ఒకదాని మీద ఒకటి. షట్టరింగ్ ప్లై చాలు, ఫర్నిచర్ రకం అక్కర్లేదు. రెంటినీ 30 మి.మీ. స్క్రూలతో అడుగుకి ఒకటి చొప్పున బిగించాలి, ఫెవికాల్ వద్దు, రేపు విప్పాలంటే రాదు. ప్లేట్లు ఆనే రెండు చివర్లా 20 మి.మీ. రబ్బరు టైల్. కాళ్ళు పెట్టే మధ్య భాగం ఉత్త చెక్కే ఉండనివ్వండి. పిల్లల గదుల్లో వేసే రంగురంగుల ఫోమ్ మ్యాట్ ర్యాక్ కింద వేస్తే నాలుగు రోజుల్లో నొక్కుకుపోయి ర్యాక్ ఒక కాలి మీద కుంటుతుంది.

రబ్బరు "టంగ్"మనే శబ్దాన్ని ఆపుతుంది, "ధబ్"మనేదాన్ని ఆపలేదు. అది శ్లాబ్‌లోంచి పిల్లర్ల దాకా పాకుతుంది. డెడ్‌లిఫ్ట్‌ని దించడం కూడా వ్యాయామమే అనుకుని దించాలి. అది ఒప్పుకోలేకపోతే గ్రౌండ్ ఫ్లోర్‌కి మారాలి.

బెల్టు_జరిగింది:
ట్రెడ్‌మిల్ వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా. పైన చెప్పిన సామాను పెట్టాక ఆ గదిలో ట్రెడ్‌మిల్ పట్టదు, అది నిజం. నడిచేవాళ్ళు జారితే వెనక్కి పడతారు కాబట్టి వెనక 2 మీటర్లు ఖాళీ ఉండాలి, గోడ ఉండకూడదు. కానీ నడక ఒక్కదానికే అయితే హాల్లో పెట్టుకోవచ్చు. నడకకి అడుగు దెబ్బ తక్కువ, పరుగు పెడితేనే కింద వాళ్ళకి ఢోలు వాయించినట్టు ఉంటుంది.

ఇక ఆ "4 హెచ్‌పీ". ఒక హెచ్‌పీ 746 వాట్లు. నాలుగు అంటే 2,984. 230 వోల్టుల దగ్గర 13 యాంప్స్. మామూలు 6 యాంప్స్ ప్లగ్గుతో వచ్చే మెషిన్‌కి ఆ శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? అది పీక్ అంకె, క్షణం సేపు తాకే ఎత్తు. కంటిన్యువస్ (ఆగకుండా ఇచ్చే శక్తి) ఎంతో రాసి ఇమ్మనండి. నడకకి 1.5 నుంచి 2 హెచ్‌పీ ఉంటే చాలు. నెమ్మదిగా నడిస్తే మోటారుకి తేలిక అనుకోవద్దు. తక్కువ వేగంలో మోటారు షాఫ్ట్ మీది ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది, వేడి బయటికి పోదు. అందుకే మనిషి బరువు పరిమితి 100 అని ఉంటే 75, 80 దాకానే నమ్మండి. బెల్టు నడకకి 42×120 సెం.మీ. కంటే చిన్నది వద్దు.

పాడయ్యేది ఎక్కువగా మోటారు కాదు, కంట్రోల్ బోర్డు. వోల్టేజి ఎగసిపడినప్పుడు పోతుంది. ఏసీ పాయింట్ లాంటి 16 యాంప్స్ సాకెట్, ఎర్త్ సరిగ్గా ఉన్నది వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు, ఇన్వర్టర్ లైను అసలే వద్దు. వారంటీలో "మోటారుకి 3 ఏళ్ళు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది, బోర్డుకి ఎంతో అడిగి బిల్లు మీదే రాయించుకోండి.

బెల్టు కింద సిలికాన్ ఆయిల్ మాత్రమే. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి బెల్టు ఎత్తి మధ్యలోకి మొత్తం 10, 15 మి.లీ. నెలకోసారి వేలు దూర్చి చూడండి, పొడిగా తగిలితేనే వెయ్యాలి. కొబ్బరినూనె, కుట్టుమెషిన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏదీ వద్దు. బెల్టు లోపలి గుడ్డని ఉబ్బిస్తాయి, డెక్ మీద జిడ్డులా పేరుకుంటాయి, మోటారు మీద లోడు పెరుగుతుంది. బెల్టు ఎడమకి జరుగుతోంటే మనిషి లేకుండా 4, 5 కి.మీ. వేగంలో తిప్పుతూ వెనక ఎడమ బోల్టుని అలెన్ కీతో పావు చుట్టు కుడికి బిగించండి, రెండు నిమిషాలు చూడండి. కుడికి జరిగితే కుడి బోల్టు. పావు చుట్టు అంటే పావే. అర చుట్టు తిప్పేసి, అవతలికి పోయిందని ఇంకో పక్క బిగించి, చివరికి బెల్టు తంబుర తీగలా చేసి బేరింగ్ పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ అయితే గంటకి 1 కి.మీ. వేగంలో పెట్టి, దాని మీద నిలబడి, రాడ్లు గట్టిగా పట్టుకుని కాళ్ళతో బెల్టుని ఆపబోయినట్టు నొక్కి చూడండి. మోటారు తిరుగుతూ బెల్టు ఆగితే డ్రైవ్ బెల్టో నడక బెల్టో వదులు. మోటారే ఆగి వాసన వస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

ఇనుపబిళ్ళ:
ఆయన చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే, నేనైతే సైకిల్ అంటాను. మ్యాగ్నెటిక్ బ్రేక్, బెల్ట్ డ్రైవ్ ఉన్న స్పిన్ బైక్ 4×2 అడుగుల్లో వార్డ్‌రోబ్ మూలన పడుతుంది. దెబ్బ నేలకి తగలదు, తెల్లవారుజామున 5 గంటలకి తొక్కినా కింద వినపడదు. ఫెల్ట్ ప్యాడ్ చక్రానికి రాసుకునే రకం చవక, అది ఎండితే కీచుమంటుంది, రజను రాలుతుంది. ఎయిర్ బైక్ (తొక్కితే పెద్ద ఫ్యాన్ తిరిగే రకం) వ్యాయామానికి గొప్పది, గదిలో గాలిదుమారం లేచినట్టు మోత. రోయింగ్ మెషిన్ మంచివి 8 అడుగుల పొడవు, ధర కూడా మీ బడ్జెట్ దాటుతుంది.

సైకిల్ బిగించేటప్పుడు ఒక్క మాట: ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, ఎడమకి తిప్పితే బిగుస్తుంది. "ఎల్" అని చెక్కి ఉన్నది ఎడమ క్రాంక్‌కే. ముందు మూడు చుట్లు చేత్తో ఎక్కించి తర్వాతే స్పానర్ పట్టాలి. బలవంతంగా తిప్పితే క్రాంక్ మరలు చెరిగిపోతాయి, డెలివరీ అయిన రోజే వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి.

70లో నా పంపకం: ఇనుము, ర్యాక్, బెంచ్ కలిపి 42, ప్లాట్‌ఫాం 8, సైకిల్ 20. నడక కింద కాలనీ రోడ్డు మీద.

మూడో_అంతస్తు:
అందరికీ థాంక్స్. నడక విషయంలో మా ఆవిడ "రోడ్డు మీద కుక్కల సంగతి ఆయన చూస్తారా" అని అడగమంది 🙂 అయినా సైకిల్‌కి ఒప్పుకుంది, నడక టెర్రస్ మీద. ఇంకో రెండు ప్రశ్నలు. పుల్-అప్ బార్ గోడకి బిగించొచ్చా? మావి తెల్ల బ్లాకుల గోడలు. రెండోది, హాఫ్ ర్యాక్ మా దగ్గర వెల్డింగ్ షాపులో చేయిస్తే చవగ్గా వస్తుందంటున్నారు, నమ్మొచ్చా?

సైట్_ఇంజినీర్:
తెల్లవి అంటే ఏఏసీ బ్లాకులు. వాటికి బిగించొద్దు. అందులో సగం పైగా గాలే, డ్రిల్ వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. మామూలు ఇనుప ఫాస్టెనర్ (రంధ్రంలో విచ్చుకుని పట్టే బోల్టు) బిగించిన కొద్దీ బ్లాకుని లోపలే పిండి చేస్తుంది. మొదటి రోజు ఊగకపోవచ్చు. 78 కిలోల మనిషి రోజూ వేలాడుతుంటే పది రోజులకి రంధ్రం కోలగా సాగుతుంది, తర్వాత బారూ మనిషీ కలిసే దిగుతారు.

గోడకీ శ్లాబ్‌కీ మధ్య కాంక్రీట్ బీమ్ ఉంటుంది, అక్కడైతే సరే. సుత్తితో తట్టితే బీమ్ దగ్గర గట్టి శబ్దం, బ్లాకు దగ్గర మెత్తటి శబ్దం. 10 మి.మీ. ఫాస్టెనర్లు ఆరు, లోతు 70 మి.మీ., రంధ్రంలోని దుమ్ము ఊది తీశాకే ఫాస్టెనర్. డ్రిల్‌కి ఇనుము తగిలితే ఆపి రెండంగుళాలు పక్కకి జరగాలి, చువ్వని కొయ్యకూడదు. శ్లాబ్‌కి వేలాడదియ్యడం వద్దు. కరెంటు పైపులు అందులోనే పోతాయి, కొన్ని కొత్త కట్టడాల్లో శ్లాబ్ బలం కోసం లాగి బిగించిన ఉక్కు కేబుళ్ళు కూడా ఉంటాయి, వాటిని తాకితే అది మీ ఒక్క ఫ్లాట్ సమస్య కాదు. ఇంతకంటే తేలిక, ర్యాక్ పైన అడ్డబార్ ఉన్నదే తీసుకోండి.

ఇనుపబిళ్ళ:
వెల్డింగ్ షాపు మంచిదే, డ్రాయింగ్ మీరిస్తే. 60×60 మి.మీ. చదరపు పైపు, 12 గేజీ అంటే 2.6 మి.మీ. మందం. ఏమీ చెప్పకపోతే 16 గేజీ వాడేస్తారు, అది 1.6 మి.మీ., చూడ్డానికి రెండూ ఒకటే. పైపు కోసిన చివర వెర్నియర్ పెట్టి కొలవండి. నిలువు పైపుల బయటి వెడల్పు 120 సెం.మీ. దాటకూడదు, బార్ స్లీవ్‌ల మధ్య 131 ఉంది కదా, పక్కకి ఐదు సెం.మీ. చొప్పున వదలాలి. పునాది పైపు ముందుకి కనీసం 120 సెం.మీ. రావాలి. రంధ్రాలు గ్యాస్ కట్టర్‌తో వద్దు, డ్రిల్‌తోనే, రెండు స్తంభాలనీ కలిపి క్లాంప్ చేసి ఒకేసారి వేయించండి. విడివిడిగా వేస్తే రెండు మూడు మి.మీ. తేడా వస్తుంది, బార్ ఎప్పుడూ ఒక పక్కకి వాలి ఉంటుంది. హుక్కుకి లోపల రబ్బరు ముక్క. బరువు పరీక్ష మీరు కింద పడుకుని చెయ్యొద్దు, ప్లేట్లన్నీ ఎక్కించి సేఫ్టీ ఆర్మ్స్ మీద ఒక జానెడు ఎత్తు నుంచి వదిలి వెల్డు చూడండి.

ఉప్పుగాలి_విశాఖ:
హైదరాబాద్‌లో అంత బాధ లేదు గానీ సముద్రం దగ్గరున్నవాళ్ళు ఈ థ్రెడ్ చదువుతారని రాస్తున్నా. తీరంలో నల్ల ఆక్సైడ్ పూత బార్ ఒక వానాకాలానికే ఎర్రబడుతుంది. హార్డ్ క్రోమ్ గానీ స్టెయిన్‌లెస్ గానీ తీసుకోండి. రంగు వేసిన పోత ఇనుము ప్లేట్లకి రంధ్రం అంచు దగ్గర రంగు ముందు పోతుంది, తుప్పు అక్కణ్ణుంచే మొదలు. పట్టు గరుకులో చెమట ఉప్పూ చాక్‌పొడీ ఇరుక్కుంటాయి, వారానికోసారి నైలాన్ బ్రష్‌తో పొడిగా రుద్ది, ఒక చుక్క మెషిన్ ఆయిల్ గుడ్డకి అద్ది తుడిచి, ఆ నూనె కూడా పొడి గుడ్డతో తీసెయ్యాలి. మిగిలితే పట్టు జారుతుంది. రబ్బరు టైల్స్ కింద తడి చేరితే చెక్క ఉబ్బుతుంది, తడిగుడ్డ పెట్టిన రోజు ఒక మూల ఎత్తి ఆరనివ్వండి.

మూడో_అంతస్తు:
వార్డ్‌రోబ్ తలుపులు తెరిస్తే సైకిల్ పెట్టాలనుకున్న చోటికి అడ్డొస్తున్నాయి. టేపు పెట్టి కొలిచాను, 3 అంగుళాలు తక్కువ.

ఇనుపబిళ్ళ:
తలుపులు జరిపే రకంగా మార్పించడం కంటే సైకిల్‌ని గోడకి 45 డిగ్రీల కోణంలో నిలపండి. ముందు నేల మీద చాక్‌తో 4×2 గీసి, పెడల్ తిరిగే చోట పక్కకి ఇంకో అర అడుగు కలిపి చూసుకోండి. గీతలు నాలుగు రోజులు అలాగే ఉంచి, మామూలుగా బట్టలు తీసుకుంటూ తిరగండి. గీత తొక్కకుండా కుదిరితే ఆర్డర్ పెట్టండి.